బ్రేకు పడలేదు

ప్రూఫులు దిద్దడం నా ఉద్యోగం. ఆ ఉద్యోగంలో నన్ను ఎక్కువగా విసిగించింది అచ్చుతప్పు కాదు, "లారీ అదుపు తప్పింది" అనే వాక్యం. అది ఏ కాగితంలో కనిపించినా నా పెన్సిలు ఆగిపోయేది. అక్షరం చూస్తే దోషం లేదు. ఒత్తులు సరిగ్గా ఉన్నాయి. ప్రూఫ్ రీడరు అక్షరం దిద్దాలి గాని అర్థం జోలికి పోకూడదని మా ప్రెస్సు యజమాని మొదటి రోజే చెప్పాడు. కాబట్టి వదిలేసేవాణ్ణి. లోపల మాత్రం ఉడికిపోయేవాణ్ణి. అదుపు లారీది కాదు కదా, తప్పడానికి? కల్లు తాగింది లారీయా? ముందున్న బస్సుని దాటి తీరాలని పంతం పట్టింది లారీయా? స్టీరింగు పట్టుకున్న మనిషి ఆ వాక్యంలోంచి ఎప్పుడు దిగి పారిపోయాడు?

తొంభైల మొదట్లో మా ప్రెస్సు బెజవాడ గవర్నరుపేటలో ఉండేది. ఆదివారం సాయంత్రాలు దాని మేడ మీద గదిలో చర్చలు పెట్టుకునేవాళ్ళం. ఇరవై కుర్చీలు, తిరిగితే మాటలు వినపడనివ్వని ఫ్యాను ఒకటి, బిస్కెట్ల డబ్బా ఒకటి. దేవుడు, జాతకాలు, బాణామతి, మద్యనిషేధం, అన్నీ అక్కడ తేల్చేసేవాళ్ళం. మా చర్చకి ఒక నియమం ఉండేది. అవతలివాడి వాదాన్ని ముందు అవతలివాడు "అవును, నేనన్నది అదే" అని ఒప్పుకునేలా చెప్పాలి. ఆ తర్వాతే దాన్ని ఖండించాలి. ఆ నియమం పెట్టింది నేనే. దాన్ని ఎక్కువగా మీరింది కూడా నేనేనని మిత్రులు అనేవారు.

ఒక ఆదివారం విషయం: జోరుగా బండి నడిపేవాడికి ఎంత శిక్ష వెయ్యాలి? నేను లేచి చెప్పాను. ఉరిశిక్షకి నేను వ్యతిరేకిని గనక, ప్రాణం తీస్తే యావజ్జీవం. కాలో చెయ్యో తీస్తే పదేళ్ళు. ఎవరికీ ఏమీ కాకపోయినా సరే, అడ్డదిడ్డంగా తోలుతూ పట్టుబడ్డవాడికి లైసెన్సు ఈ జన్మలో మళ్ళీ ఇవ్వకూడదు. బల్ల మీద రెండుసార్లు గుద్ది కూర్చున్నాను.

వెనక వరసలోంచి మేష్టారు లేచారు. ఆయన ఒక మిషన్ స్కూల్లో తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. బందరు రోడ్డులో కంకిపాడు దాటాక మా కాలనీ. అక్కడ మా వీధిలోనే, మూడిళ్ళ అవతల ఉండేవారు. ఉదయం ప్రార్థనకి వెళ్ళి, సాయంత్రం మా నాస్తికుల చర్చకి అదే ఇస్త్రీ చొక్కాతో వచ్చేవారు.

"హేతువాదిగారు ఉరి వద్దన్నారు గనక యావజ్జీవం దగ్గర ఆగారు. లేకపోతే ఎక్కడ ఆగేవారో తెలుసుకోవాలని ఉంది" అన్నారు. అందరూ నవ్వారు.

"నవ్వులాట కాదు మేష్టారూ."

"నవ్వులాట కాదనే లేచాను. మీ దగ్గర కోపం ఉంది, కొలత లేదు."

"మీ దగ్గరేముంది? క్షమాపణా?"

"క్షమించాలన్నా ముందు తప్పు చేసినవాడు ఒకడు ఉండాలి కదండీ! మన రోడ్ల మీద వాడే దొరకడు. యాక్సిడెంటు అయింది, టైరు పేలింది, బ్రేకు పడలేదు, మనిషి పోయాడు. అన్నీ అవుతాయి, ఎవరూ చెయ్యరు. క్రియలున్నాయి, కర్త లేడు. మీరు శిక్ష ఎవరికి వేస్తారు, టైరుకా?"

పండితుడి చమత్కారం అనుకున్నాను. శిక్ష ఎంతో తేల్చమంటే వ్యాకరణం చెబుతాడేమిటని విసుక్కున్నాను కూడా.

ఆ రోజుల్లో డెల్టా అంతా రొయ్యల పిచ్చి. బంగారంలాంటి వరి చేలని తవ్వి చెరువులు చేశారు. బ్యాంకు గుమాస్తా మొదలు బళ్ళో పంతులు దాకా ఏదో ఒక చెరువులో వాటా లేని మనిషి లేడు. చెరువులో వదిలే రొయ్యపిల్లల్ని "సీడు" అనేవారు. సముద్రపొడ్డున పుట్టించి, నీళ్ళూ ఆక్సిజనూ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, వ్యాన్లలో బెజవాడ మీదుగా గుడివాడ, కైకలూరు వైపు తరలించేవారు. ఎండెక్కేలోగా సంచులు చెరువు గట్టు చేరాలి. లేకపోతే చస్తాయి. అందుకని వ్యాను ముందు అద్దం మీద ఎర్ర రంగుతో "సీడు - అర్జెంటు" అని రాసుకునేవారు. ఆ అద్దానికే నిమ్మకాయలు, మిరపకాయలు, మూడు మతాల దేవుళ్ళు. ఇంతమంది కాపలా ఉండగా ఇంక బ్రేకుతో పనేముంది?

ఆ "అర్జెంటు" అన్న మాటకి ఏ ప్రభుత్వమూ హక్కు ఇవ్వలేదు. జనమే ఇచ్చారు. ఆంబులెన్సు వెనక నుంచి ఎంత మొత్తుకున్నా కదలని బస్సు డ్రైవరు, సీడు వ్యాను హారను వినగానే మట్టిలోకి దిగి దారి ఇచ్చేవాడు. "సీడు వస్తంది, తప్పుకోండెహె" అని ఎడ్లబళ్ళవాళ్ళు ఒకరినొకరు హెచ్చరించుకునేవారు. మనిషి ప్రాణానికి లేని మర్యాద రొయ్యపిల్లకి ఉందని నేను ఒక వ్యాసం కూడా రాశాను. చదివినవాళ్ళు బాగుందన్నారు. వాళ్ళలో ఇద్దరికి చెరువులున్నాయి.

ఒక ఉదయం ఎనిమిదింటికి మా కాలనీ బస్టాపులో బెజవాడ బస్సు కోసం నిలబడ్డాను. మేష్టారు పోస్టాఫీసుకి సైకిలు మీద బయల్దేరారు. రోడ్డు దాటి కుడివైపు తిరగాలి. తిరిగే ముందు కుడిచెయ్యి బారుగా చాపారు. మా రోడ్డు మీద చెయ్యి చాపి సైకిలు తిప్పే మనిషి ఆయనొక్కరే. "మేష్టారు గాలికి దారి చూపిస్తన్నారు" అని టిఫిను బండి ఆవిడ రోజూ నవ్వేది. ఆ రోజూ నవ్వింది. ఆ నవ్వు పూర్తి కాకముందే బెజవాడ వైపు నుంచి సీడు వ్యాను వచ్చింది. హారను ఆపకుండా మోగుతూనే ఉంది. బ్రేకు వేసిన కీచుమనే చప్పుడు మాత్రం నాకు వినిపించలేదు. మేష్టారి సైకిలు ఎగిరి కాలవ గట్టున పడింది. ఆయన రోడ్డు మీదే ఉండిపోయారు. వ్యాను ఇంకా ముందుకు పోయి, రోడ్డు పక్కన ఇల్లు కట్టుకునేవాళ్ళు పోయించుకున్న ఇసక గుట్టలోకి ఎక్కి, మెత్తగా ఆగింది.

డ్రైవరు దూకాడు. ముప్పై ఏళ్ళుంటాయి. మేష్టారి వైపు ఒక్కసారి చూశాడు. చూసి, వ్యాను వెనక తలుపు దగ్గరికి పరిగెత్తాడు.

"పిల్లలు చచ్చిపోతాయండీ! ఎవరన్నా ఓ చెయ్యెయ్యండీ! పిల్లలండీ!"

టిఫిను బండి ఆవిడ గరిటె పారేసి, "అయ్యో, పసిబిడ్డలు!" అంటూ వెళ్ళి తలుపు లాగింది. లోపల సంచులు. ఆవిడ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

నేను మేష్టారి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎడమకాలు చూడలేకపోయాను. జనం బాగానే పోగయ్యారు. సగం మంది మేష్టారిని ఎత్తి ఆటోలో పెట్టారు. తక్కిన సగం మంది, ఇది నా కళ్ళారా చూశాను గనక రాస్తున్నాను, ఇంకో వ్యానుని ఆపి సంచులు అందులోకి ఎక్కించారు. చెరువు తెలిసినవాళ్ళదట. నేను అరిచాను. "మీరు అరిస్తే ఆయన కాలొస్తదా ఏంటండీ? ఇయ్యన్నా బతకనీండి" అని ఒకాయన సంచి భుజానికెత్తుకుని, నాకే బుద్ధి చెప్పి పోయాడు.

మేష్టారిని ఆసుపత్రిలో చేర్చి, మధ్యాహ్నం పోలీసు స్టేషనుకి వెళ్ళాను. ఫిర్యాదుదారుణ్ణి నేనే. స్టేషనులో కాగితాలు రాసే కానిస్టేబులు పొద్దున్నించీ రాసి అలిసిపోయి ఉన్నాడు. "చెప్పండి సార్, కానియ్యండి" అన్నాడు. చెప్పాను. సాయంత్రం మిషనెక్కాల్సిన పుస్తకం ఫారాలు రెండు, అంటే ముప్పై రెండు పేజీలు, నా బల్ల మీద దిద్దకుండా ఉన్నాయి. ప్రెస్సు యజమాని అప్పటికే ఆసుపత్రికి రెండుసార్లు మనిషిని పంపాడు. కానిస్టేబులు రాయడం ముగించి కాగితం నా వైపు తిప్పాడు.

"ఓసారి చదూకుని సంతకం పెట్టండి."

"ఫర్వాలేదు, ఇలా ఇవ్వండి" అన్నాను.

పెట్టాను. ఇతరులు రాసిన ప్రతి అక్షరాన్నీ అనుమానించి బతికే మనిషిని, నా పేరుతో ఉన్న కాగితాన్ని చదవలేదు. అర్జెంటు పని ఉంది మరి.

మేష్టారికి మోకాలి కింద కాలు తీసేశారు. నాలుగో రోజు మేష్టారు స్పష్టంగా మాట్లాడారు. భార్య మంచం పక్కన కూర్చుని కమలాఫలం తొనలు ఒలుస్తోంది. ఆవిడ నన్ను అన్నయ్యగారూ అని పిలిచేది.

"మీ స్నేహితుడు మొదట మాట్లాడింది దేని గురించో తెలుసా అన్నయ్యగారూ? కాలు గురించి కాదు, ఆ డ్రైవరు అరిచిన మాట గురించి" అంది.

"అతను 'చచ్చిపోతాయి' అన్నాడండీ" అన్నారు మేష్టారు. "'చచ్చిపోతారు' అనలేదు. రోడ్డు మీద పడి ఉండి నేను ఆ ఒక్క మాటా పట్టుకున్నాను. బండిలో మనుషుల పిల్లలు లేరన్నమాట, ఫర్వాలేదు అనుకున్నాను. తర్వాత తెలివి తప్పింది."

నాకు ఏడవాలో కోప్పడాలో తెలియలేదు. పరామర్శకి వచ్చినవాళ్ళు నన్ను కోపం వైపే తోశారు. ఒకాయన ఇది గండం, కాలుతో పోయిందన్నాడు. ఇంకొకాయన దేవుడి చిత్తం అన్నాడు. మేష్టారు వెతికే కర్తని ఈయన మొత్తానికి కనిపెట్టాడు, కానీ తప్పుడు కర్తని, అని నేను పళ్ళు కొరికాను. మేష్టారు ఆయనతో నెమ్మదిగా అన్నారు: "దేవుడికి డ్రైవింగు లైసెన్సు లేదండీ."

మర్నాడు వ్యాను యజమాని యాపిల్ పళ్ళతో వచ్చాడు. తెల్ల చొక్కా, మెళ్ళో గొలుసు, మాటలో వినయం.

"అయిపోయిందేదో అయిపోయింది మేష్టారండీ. మావోడు శానా మంచోడు. ఎంతో స్పీడున్న మనిషి."

"చూశారా, స్పీడని మీరే ఒప్పుకున్నారు" అన్నారు మేష్టారు.

"అబ్బే, స్పీడంటే ఆ స్పీడు కాదండీ! చురుకని. పని చెప్తే చిటికెలో ముగించేస్తాడని. మీకు తెలవదా?"

"తెలుసు. మనకి రెంటికీ ఒకటే మాట."

ఆయన అర్థం కానట్టు నవ్వి, పెద్దమనుషుల మధ్య రాజీ చేసుకుందామన్నాడు. నేను లేవబోయాను. మేష్టారు నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టారు.

"రాజీ మాట తర్వాత. మీ డ్రైవర్ని ఒకసారి ఇక్కడికి పంపండి. నా ఎదురుగా నిలబడి ఒకే ఒక్క వాక్యం చెప్పమనండి. 'నేను గుద్దాను' అని. రెండే మాటలు. అది చెబితే, శిక్ష తక్కువ వెయ్యమని కోర్టుని నేనే అడుగుతాను."

యజమాని మొహం ముడుచుకుంది. "అదొక్కటి మాత్రం అనొద్దన్నాడండీ మా వకీలు. పళ్ళు తినండి."

ఆయన వెళ్ళాక నేను మేష్టారి మీద విరుచుకుపడ్డాను. చట్టమే గట్టిగా వేస్తే రెండేళ్ళు దాటదు, అందులో మీరు తగ్గించమంటారా అని. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. "రెండేళ్ళు లోపల కూర్చుని కూడా 'అయిపోయింది' అనే అనుకుంటూ బయటికొస్తే, ఆ రెండేళ్ళు నాకు దేనికండీ? నాకు ఆ మాట కావాలి" అన్నారు. ఆ తర్వాత చాలాకాలం మా మధ్య ఉన్న వాదం ఇదే. నాకు శిక్ష కావాలి. ఆయనకి వాక్యం కావాలి. రెండూ కోర్టులో దొరుకుతాయని నేను మాట ఇచ్చాను. నా సాక్ష్యం ఉంది కదా!

కేసు పిలుపుకి వచ్చేసరికి రెండేళ్ళు దాటింది. ఈ మధ్యలో వాయిదాల కోసం నేను బెజవాడ కోర్టు వరండాలో ఎన్ని పూటలు నిలబడ్డానో నాకే తెలియదు. జోరుగా నడిపినవాడి కేసు ఇంత నింపాదిగా నడవడం చూస్తే ఒళ్ళు మండేది. చివరికి ఒక రోజు నన్ను బోనెక్కించారు. ప్రభుత్వ వకీలు అడగాల్సినవి అడిగి కూర్చున్నాడు. మేష్టారు చంకకర్రలు పక్కన పెట్టుకుని వెనక బెంచీ మీద ఉన్నారు. డ్రైవరు చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు. అవతలి వకీలు లేచాడు. పొట్టి మనిషి, నవ్వు మొహం.

"మీరు ప్రూఫ్ రీడరు కదండీ?"

"అవును."

"అంటే అచ్చయ్యేముందు ప్రతి అక్షరం చూస్తారు."

"చూస్తాను."

"సభల్లో కూడా మాట్లాడతారంట. రుజువు లేనిది దేవుణ్ణైనా నమ్మనంటారంట."

"అంటాను."

"చాలా సంతోషం. మా డ్రైవరు ఎంత స్పీడులో వచ్చాడండీ?"

"విపరీతమైన వేగం."

"అంకె చెప్పండి. మీటరు చూశారా?"

"బస్టాపులో నిలబడ్డవాడికి మీటరు ఎలా కనబడుతుంది?"

"కనబడదు. అంటే రుజువు లేదు. ఇక ఇది చూడండి. ఈ ఫిర్యాదు కింద సంతకం మీదేనా?"

"నాదే."

"మూడో వాక్యం కోర్టువారికి కొంచెం గట్టిగా చదివి వినిపించండి."

ఆ కాగితాన్ని నేను మొదటిసారి చదవడం అదే. పోలీసు స్టేషన్ల గ్రాంథికంలో ఇలా ఉంది: "సదరు వ్యాను మిక్కిలి జోరుగా వచ్చి, బ్రేకు పడక, సైకిలుపై పోవుచున్న మేష్టారిని గుద్దినది."

కానిస్టేబులు తప్పు రాయలేదు. నా మాటని గ్రాంథికంలోకి మార్చాడు, అంతే. ఆ మధ్యాహ్నం స్టేషనులో నేనన్నది నాకు అక్షరం అక్షరం గుర్తొచ్చింది. "వ్యాను జోరుగా వచ్చిందండీ. బ్రేకు పడలేదు. గుద్దేసింది." లోకమంతా ఎలా అంటుందో అలాగే అన్నాను. వచ్చింది వ్యాను. గుద్దింది వ్యాను. బ్రేకు దానంతటది పడలేదు. మూడు క్రియలు చెప్పి డ్రైవర్ని ఒక్కదాంట్లోనూ ఎక్కించలేదు.

"బ్రేకు పడక అంటే బ్రేకు ఫెయిలయిందనేగా?" అన్నాడు వకీలు.

"కాదు. అది వాడుక మాట. బ్రేకు వేయలేదని నా ఉద్దేశం."

"ఉద్దేశం కాదండీ, మాట. పడకపోవడం వేరు, వేయకపోవడం వేరు. తెలుగు దిద్దేవారు, మీకు నేను చెప్పాలా? వేయలేదని అనుకుంటే వేయలేదని ఎందుకు రాయించలేదు?"

నేను వెనక బెంచీ మీదున్న మేష్టారి వైపు చూశాను.

"బ్రేకు వేసిన చప్పుడు కూడా రాలేదన్నారు ఇందాక. బ్రేకు పనిచెయ్యకపోతే చప్పుడు ఎక్కడినుంచి వస్తుందండీ?"

"బ్రేకు లేకపోతే బండి ఆగిందెలా?"

"ఇసకలో ఆపాడు. మీరే చెప్పారు. ఎంత తెలివిగా, ఎంత జాగ్రత్తగా ఆపాడో చూడండి!"

వాహనాల ఇన్‌స్పెక్టరు చూసే వేళకి ఆ వ్యాను ఆటోనగర్ వెళ్ళి, అద్దంతో పాటు కొత్త బ్రేకులు కూడా వేయించుకుని వచ్చింది. అంతకుముందు బ్రేకులు ఎలా ఉండేవో ఆయన చెప్పలేనన్నాడు. వకీలు మా మేడ మీది చర్చ నియమాన్ని ఎక్కడా వినకుండానే పాటించాడు. నా వాదాన్ని నా నోటితోనే, నేను ఒప్పుకునేలా చెప్పించి, తర్వాత ఖండించాడు.

డ్రైవర్ని ప్రశ్నించినప్పుడు అతను నేల చూస్తూనే అన్నాడు: "బ్రేకు పళ్ళేదండి. అయిపోయిందండి."

అనుమానం తాలూకు లాభం డ్రైవరుకే దక్కింది. కేసు కొట్టేశారు. బయటికొచ్చాక నేను గోడని కాలితో తన్నాను. చెప్పు తెగింది. మేష్టారు చంకకర్రల మీద ఆగి, తెగిన చెప్పు వైపు చూసి, "ఇప్పుడేమంటారు, చెప్పు తెగిందనా, తెంపాననా?" అన్నారు. నేను ఆయనతో నెలరోజులు మాట్లాడలేదు. ఆయన మీద కోపంతో కాదు. ఆయన మొహం చూస్తే నా మూడో వాక్యం కనబడేది.

తర్వాత రొయ్యలకి తెల్లమచ్చ జబ్బు వచ్చింది. చెరువులు ఒకదాని వెంట ఒకటి ఎండిపోయాయి. సీడు వ్యాన్లు పలచబడ్డాయి. జోరు మాత్రం తగ్గలేదు. వ్యాన్ల స్థానంలోకి కాలేజీ బస్సులు, ఇసక లారీలు, ఎర్ర లైటు పెట్టుకున్న జీపులు వచ్చాయి. ప్రతివాడికీ అద్దం మీద కనపడని "అర్జెంటు" ఒకటి ఉంది. నేను మా చర్చల్లో అదే శిక్ష గురించి మాట్లాడుతూనే ఉన్నాను. బల్ల గుద్దడం మాత్రం మానేశాను.

రెండు వేల సంవత్సరం దాటాక, ఒక ఆదివారం మధ్యాహ్నం మేష్టారింటి వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాం. గేటు దగ్గర ఒక మనిషి చెప్పులు విప్పి నిలబడ్డాడు. నుదుటి మీద జుట్టు పలచబడింది. నేను గుర్తుపట్టలేదు. మేష్టారు గుర్తుపట్టారు.

"రండి, లోపలికి రండి" అన్నారు.

అతను మెట్టు మీద కూర్చున్నాడు. మేష్టారి కాలు వైపు చూడకుండా గోడ వైపు చూశాడు. మంచినీళ్ళు ఇస్తే ఒక గుక్క తాగాడు. "మా అమ్మకి కాలు తీసేశారండి. షుగరు" అన్నాడు. "కర్ర పట్టుకుని నడుస్తా ఉంటే, రోజూ మీరే గుర్తొస్తన్నారండి."

"ఎలా ఉన్నారు ఆవిడ?"

"బాగానే ఉందండి." ఇంకో గుక్క తాగాడు. "ఆ రోజు బ్రేకు పళ్ళేదని అందరూ అన్నారు కదండీ. ఈ సారు కూడా అన్నారు." నా వైపు చెయ్యి చూపించాడు. "బ్రేకు బాగానే పడుద్దండి ఆ బండికి. నేనే ఎయ్యలేదు."

నేను పేపరు కింద పడేశాను.

"ఎందుకు వెయ్యలేదు?"

"సీడు బండికి గట్టిగా బ్రేకు ఎయ్యకూడదండి. సంచులు ఒకదాని మీదొకటి పడి పగిలిపోతాయి. మాకు మొదట నేర్పేదే అది. హారను కొట్టు, బ్రేకు ముట్టుకోకు. ఎవరైనా తప్పుకుంటారు. అందరూ తప్పుకునేవోళ్ళండి. మేష్టారు చెయ్యి చాపారు. ఆ చెయ్యి నేను చూశానండి. చూసి కూడా, తప్పుకుంటారులే అనుకున్నా. ఇసకలోకి కూడా అందుకే ఎక్కించానండి, సంచులు కదలకుండా."

నేను లేచి నిలబడ్డాను. ఇన్నేళ్ళు కోర్టులో దొరకని సాక్ష్యం నా ముందు మెట్టు మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతోంది! "ఈ మాట అప్పుడెందుకు చెప్పలేదయ్యా? ఇప్పుడు ఏ కోర్టు వింటుంది?" అని అరిచాను.

"అప్పుడు చెప్తే లోపలేస్తారు కదండీ" అన్నాడు అతను. అందులో ఏ దాపరికమూ లేదు.

"ఇంకా నడుపుతున్నావా?"

"నడుపుతన్నానండి. ఇటికల ట్రాక్టరు."

"చూశారా మేష్టారూ! అందుకే అన్నాను లైసెన్సు..."

మేష్టారు చెయ్యి ఎత్తారు. నేను ఆగాను.

"నువ్వే జడ్జివి అనుకో" అన్నారు అతనితో. "నీకు నువ్వు ఎంత వేసుకుంటావు?"

అతను నిజంగానే ఆలోచించాడు. "కేసు కొట్టేసిన రోజు అనుకున్నానండి, ఏడాదిపాటు స్టీరింగు ముట్టుకోకూడదని. నాకు నేనే ఏసుకున్నా. మూడు వారాలు ఉన్నానండి. తర్వాత ఓనరు పిలిచాడు."

నాకు అప్పుడు అర్థమైంది ఇది: శిక్ష ఎవరికి వారు వేసుకోమంటే మూడు వారాలు. ఎదుటివాడికి వెయ్యమంటే నాలాంటివాడు యావజ్జీవం దగ్గర ఆగుతాడు, అదీ ఉరి వద్దన్న మొహమాటంతో. ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఒక అంకె ఉంది. అది చట్టం చెప్పాలి, అందరికీ ఒకేలా, ఆలస్యం లేకుండా చెప్పాలి. స్టీరింగు మాత్రం తీసేసుకోవాలి, ఏడాదికి తక్కువ కాకుండా. ఈ మాట మీద నేను ఇవాళ్టికీ నిలబడతాను. కానీ ఆ మధ్యాహ్నం మేష్టారికి వీటితో పని లేదు. ఆయన లోపలికి చూసి, "ఏమే, ఒక నోటుబుక్కూ పెన్నూ పట్రా" అన్నారు.

ఆయన భార్య తెచ్చింది. మేష్టారు అతని ముందు పెట్టారు.

"నాకు ఎవరికీ చూపించే పని లేదు. నువ్వు ఇందాక అన్నది రాయి. చాలు."

అతను అయిదో తరగతి దాకా చదివాడట. మోకాలి మీద పుస్తకం పెట్టుకుని, నాలుక కొస పళ్ళ మధ్య నొక్కిపట్టి, ట్రాక్టరు నడిపే చేత్తో ఒక్కో అక్షరం దిగలాగుతూ రాశాడు. "నేను బేకు ఎయ్యలేదు. నేను గుద్దాను." మేష్టారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు. రెండోసారి చదివారు. ఆయన భార్య లోపలికి వెళ్ళిపోయింది.

నా జేబులోంచి పెన్సిలు దానంతటది బయటికొచ్చింది. కాదు, నేనే తీశాను. "బేకు"కి క్రావడి లేదు. "ఎయ్యలేదు" అని అచ్చులో ఉండకూడదు. మేష్టారు నా చెయ్యి చూసి తల అడ్డంగా ఊపారు. పెన్సిలు లోపల పెట్టాను.

డ్రైవరు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. గేటు గొళ్ళెం పడ్డ చప్పుడయ్యాక మేష్టారు నోటుబుక్కు నా ఒళ్ళోకి తోశారు.

"ఇప్పుడు మీరు."

"నేనా? నేనేం చేశాను?"

డ్రైవరు ఖాళీ చేసిన గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నారు మేష్టారు. నేను పెన్ను తీసుకుని, అతని అక్షరాల కింద, ముప్పై ఏళ్ళ అలవాటుతో గుండ్రంగా, ఒక్క తప్పు లేకుండా రాశాను: "ఫిర్యాదులో పొరపాటు జరిగింది."

మేష్టారు చదివారు. నా జేబులోంచి నా పెన్సిలే తీసుకుని, ఆ వాక్యం మీద అడ్డంగా ఒక గీత గీసి, మార్జినులో బళ్ళో పిల్లలకి రాసినట్టు రాశారు: "కర్త?"

చాలాసేపు పట్టింది. కింద రాశాను: "నేను చదవకుండా సంతకం పెట్టాను."